పొట్టి మాటకు సంసారం పెద్దది

మా ఇంగ్లీషు టీచరమ్మ పోయిందని తిరుపతి నుంచి కార్డు వచ్చింది. రాసింది ఆమె చెల్లెలు. ఐరాల హైస్కూల్లో రెండో పీరియడు ముగించుకుని వస్తుంటే పోస్టుమాన్ వరండాలోనే నా చేతికిచ్చాడు. "అక్క మొన్న శనివారం పొద్దున్నే కాఫీ తాగింది. బాగుంది, ఇంకో అరలోటా ఇమ్మంది. నేను కలుపుకొని వచ్చేసరికి కుర్చీలోనే వాలిపోయి ఉంది. ఏమీ బాధ పడలేదు. ఆ కాఫీ ఏం చెయ్యాలో నాకు తోచక అట్లే పట్టుకొని నిలబడిపోయినాను. తనకేమన్నా అయితే మొదట నీకు రాయమనేది, అందుకే రాస్తున్నాను." అంతే ఉంది కార్డులో.

నేను రెండుసార్లు చదివి స్టాఫ్ రూములో కూర్చున్నాను. పక్కన ఉన్న లెక్కల మాస్టారు, ఎవరు పోయారని అడిగి, కార్డు తీసుకుని చదివి, "శనివారం కాఫీ తాగి పోయిందా, పాపం" అన్నారు. అప్పుడు నాకు ఏడుపుతోపాటు నవ్వు కూడా వచ్చింది. ఆమె జీవితమంతా శనివారాలు ఒక్కపొద్దు ఉండేది. పగలంతా మెతుకు ముట్టేది కాదు. కాఫీ మాత్రం ఎన్నిసార్లయినా తాగేది. అదెట్లా అంటే, "కాఫీ తిండి కాదమ్మాయ్. రంగేసిన నీళ్లు" అనేది. చివరి శనివారం కూడా ఆమె ఒక్కపొద్దు చెడలేదన్నమాట.

మీలో ఆమె ఎవరికీ తెలియదు. ఆమె పుస్తకాలు రాయలేదు, బహుమతులు తీసుకోలేదు. నగరిలో ఆడపిల్లల హైస్కూల్లో చాలా ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. కానీ ఆమె గురించి నాకు తెలిసినది నాతోనే ఉండిపోవడం ఇష్టం లేక ఇది రాస్తున్నాను.

ఆమె మా బడికి వచ్చినప్పుడు డెబ్బైల దశకం అప్పుడే మొదలయింది. చిత్తూరు నుంచి బదిలీ మీద వచ్చింది. నలభై దాటి ఉంటుంది. పొడవు మనిషి. స్టేషను దగ్గర ఒక పోర్షను అద్దెకు తీసుకుంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మా ఊళ్లో ఎవరికీ లేకపోయింది. ఎండకీ వానకీ కాక, ఊరికే నడవడానికి కూడా ఒక మగవాళ్ల గొడుగు పట్టుకునేది. చేతి గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుండేది. సరిచేసుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే, "బండి నాకోసం ఆగదు. నేనైతే బండికోసం ఆగగలను" అనేది.

సోమవారం మొదటి పీరియడులో పాఠం ఉండేది కాదు. బోర్డు మీద ఒకే ఒక ఇంగ్లీషు మాట రాసేది. నాలుగక్షరాలో అయిదక్షరాలో, అంతకు మించి కాదు. ఆ మాటకు మేము అర్థాలు తేవాలి. డిక్షనరీ చూడకూడదు. ఇంట్లో, అంగట్లో, స్టేషనులో, సినిమా కొట్టాయిలో ఎక్కడో ఒకచోట విని తేవాలి. 'లైట్' అని రాసిన వారం ఒకరు దీపం తెచ్చారు, ఒకరు తేలిక తెచ్చారు, ఒకరు లేత రంగు తెచ్చారు. టీ అంగడివాళ్ల అమ్మాయి లేచి, "మా నాయన కాడికి వచ్చి లైట్‌గా ఒక టీ అంటారు టీచర్" అంది. దానికే ఎక్కువ మార్కులు వేసింది.

"పొడుగు మాటకు ఒకటే అర్థం. ఒంటరి మనిషి. పొట్టి మాటకే సంసారం పెద్దది" అనేది. ఒకే అర్థం వచ్చే మాటల గురించి ఇంకోటి చెప్పేది. "అవి తోడికోడళ్లు. ఒకే ఇంట్లో ఉంటారు గానీ ఒకరి పని ఒకరు చెయ్యరు. క్విక్ అంటే చురుకు. స్విఫ్ట్ అంటే వడి. హేస్టీ అంటే తొందరపాటు. దాన్ని వంటింట్లోకి రానిస్తే చెయ్యి కాల్చుకుంటుంది."

ఇట్లా ఒక్కో మాట దగ్గర ఒక పీరియడు పోతుంటే హెడ్‌మిస్ట్రెస్‌కు కోపం వచ్చేది. పాఠాలు ముగియవని ఒకసారి మా ముందే అడిగేసింది. మా టీచరమ్మ గొడుగు మడిచి గోడకు ఆనించి, "పాఠాలు పుస్తకంలో ఉండాయి మేడమ్, యాడికీ పోవు. పిల్లోళ్లే పోతారు" అంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది నేతపని. మా నాయనకు నాలుగు మగ్గాలుండేవి. ఇంటి వెనకాల రంగు తొట్లు. నూలు తెచ్చి తనే రంగులు వేసుకునేవాడు, అది ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. నూలుకు రంగు వేశాక సబ్బు నీళ్లలో ఉడకేసి, జాడించిన నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ జాడించి, నీడన ఆరేసేవాడు. ఎనిమిది రోజులు పట్టేది. వీధిలో అప్పుడప్పుడే పవర్‌లూములు దిగుతున్నాయి. మా చేతిమగ్గాలకు పని తగ్గిపోయి, నేను పదో తరగతికి వచ్చేసరికి నాలుగింటిలో రెండు ఊరికే నిలబడి ఉన్నాయి. మా అమ్మ వాటి మీద బట్టలు ఆరేసేది. అది చూసినప్పుడల్లా నాయన ముఖం తిప్పుకునేవాడు.

అట్లాంటి రోజుల్లో మద్రాసు నుంచి ఒక జాబు వచ్చింది. మా మేనమామ అక్కడ ఒక ఎగుమతి వ్యాపారికి మా లుంగీ మచ్చు చూపించాడట. ఆ వ్యాపారి ఇంగ్లీషులో, టైపు కొట్టించి రాశాడు. మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే. నాయన మగ్గం గుంటలో నుంచి లేచి, చేతులు తుడుచుకుని, నా ముందు కూర్చున్నాడు. మా అమ్మ, అవ్వ వాకిట్లో నిలబడ్డారు.

"ఏమని రాసినారు పాపా?"

"మచ్చు నచ్చిందంట నాయనా. లుంగీలు కావాలంట. కాకపోతే ఒక మాట అడుగుతా ఉండారు. మీ రంగులు ఫాస్టా అని."

"అంటే?"

"వేగం. బిన్నా వేస్తారా అని."

నాయన రంగు తొట్ల వైపు చూశాడు. "మనం ఏ పొద్దు తొందరపడినాం? ఎనిమిది దినాలు పడతాది. ఉండేది ఉండేట్టు రాయి. అబద్ధం చెప్పి సరుకు అమ్మితే యాడ నిలస్తాం?"

నేను రాశాను. ఎంత శ్రద్ధగా రాశానో ఇప్పటికీ గుర్తే. 'అవర్ కలర్స్ ఆర్ నాట్ ఫాస్ట్, సర్. దే ఆర్ వెరీ స్లో. మై ఫాదర్ ఈజ్ ఆల్సో స్లో.' మా రంగులు ఫాస్ట్ కావు, చాలా నిదానం, మా నాయన కూడా నిదానమే. ఆ చివరి వాక్యం నాయన చెప్పలేదు. ఆయన మంచితనం కూడా తెలియాలని నేనే కలిపాను. కవరు అంటించి, పోస్టు డబ్బాలో వేసి, అది లోపల పడిన చప్పుడు కూడా విని వచ్చాను.

జవాబు పది రోజులకు వచ్చింది. రెండే ముక్కలు. మీరు నిజం చెప్పినందుకు చాలా సంతోషం. మీ రంగులు ఫాస్ట్ అయిన రోజు మళ్లీ రాయండి.

నాయన ఆ జాబును మడిచి దూలం సందులో పెట్టాడు. "వాళ్లకు తొందర కావాలంట" అన్నాడు. అంతవరకు ఎవరు ఏమన్నా తన పద్ధతి వదలని మనిషి, మర్నాటినుంచి తొందరపడడం మొదలుపెట్టాడు. సబ్బు నీళ్లలో ఉడకేయడం మానేశాడు. జాడించడం ఒకసారితో సరి. ఎండలో ఆరేసి మూడో రోజుకు నూలు మగ్గానికి ఎక్కించాడు. మా అమ్మ, "ఇదేం పని? నీ చెయ్యేనా ఇది?" అంటే వినిపించుకోలేదు.

మొదటి లుంగీలు రెండు కోసిన రోజు మా అమ్మ వాటిని, అవ్వ తెల్లకోకను ఒకే బానలో నానబెట్టింది. తీసేసరికి బానలో నీళ్లు ఎర్రగా ఉన్నాయి. అవ్వ కోక మందారపువ్వు మాదిరి అయింది. అవ్వ దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, "ఓరి నాయనా, ఈ వయసులో నాకు ఎర్రకోక కట్టబెడతా ఉండావు గదరా! సూసేవాళ్లు ఏమనుకుంటారు?" అంది. మేమంతా నవ్వాం. నాయన నవ్వలేదు. ఆ లుంగీ ముఖం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. రంగు పోయే గుడ్డ ఆయన చేతి నుంచి రావడం అదే మొదటిసారి. ఆ రోజు సంగటి ముద్ద ముందు కూర్చుని, ముట్టకుండానే లేచాడు. "ఇంక నావల్ల కాదు. మగ్గాలు ఎవురికన్నా ఇచ్చేసి పవర్‌లూములో కూలికి పోతా" అన్నాడు మా అమ్మతో. నేను అరుగు మీద నుంచి విన్నాను.

ఆ తర్వాతి సోమవారం టీచరమ్మ బోర్డు మీద రాసిన మాట 'ఫాస్ట్'.

నాకు మంచి ఉత్సాహం వచ్చింది. ఆ మాట నాకు తెలుసు కదా. స్టేషను మాస్టారి అమ్మాయి ఫాస్ట్ ప్యాసింజరు తెచ్చింది. ఇంకొకరు టీచరమ్మ చేతి గడియారాన్నే చూపించారు. క్లాసంతా నవ్వింది, ఆమె కూడా నవ్వింది. "శనివారం నేను చేసేదేంది?" అని ఆమే అడిగి, ఒక్కపొద్దుకు కూడా ఇదే మాట అని చెప్పింది. మేము నోళ్లు తెరిచాం. పరుగెత్తే దానికీ, పస్తుండే దానికీ ఒకటే మాట ఎట్లా అవుతుంది?

"అవుతాది. ఈ మాటకు మొదటి అర్థం పరుగు కాదు. గట్టిగా పట్టుకోవడం. ఒక్కపొద్దంటే నోటిని గట్టిగా పట్టుకోవడమే గదా. పరుగు వెనక వచ్చి చేరింది." ఆమె చాక్‌పీసు కింద పెట్టి మా వరసల వైపు చూసింది. "సగం మంది మగ్గాల ఇండ్ల నుంచి వచ్చినారు. మీ ఇంటి అర్థం మీరు ఒక్కరూ తేలేదే? ఉతికినా ఎండేసినా పోకుండా గుడ్డను గట్టిగా పట్టుకునే రంగును ఏమంటారు? ఫాస్ట్ కలర్."

 జాబులోని మాటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి అర్థం మార్చుకుని కళ్ల ముందుకు వచ్చాయి. మీ రంగు నిలుస్తుందా అని వాళ్లు అడిగారు. నిలవదని నేను రాశాను. ఎంత ఉతికినా పోనివని మా వీధంతా చెప్పుకునే రంగుల గురించి, మా నాయన చేతి గురించి, నా చేత్తో నేనే రాశాను. బల్ల మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చేశాను.

టీచరమ్మ నన్ను వరండాలోకి తీసుకుపోయి, కుండలోని నీళ్లు ముంచి ఇచ్చింది. అంతా చెప్పాను.

"ఏమని రాసినావు, రాసింది రాసినట్టు చెప్పు."

చెప్పాను. 'మై ఫాదర్ ఈజ్ ఆల్సో స్లో' దగ్గరికి వచ్చేసరికి ఆమె పెదాలు బిగపట్టింది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు. నేను ఏడుస్తున్నాను, ఆమె నవ్వుతోంది, కిటికీలో నుంచి క్లాసంతా చూస్తోంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "నాయన ఇప్పుడేం చేస్తా ఉండాడు?" అంది. కూలికి పోతానన్నాడని చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది.

సాయంత్రం గొడుగు వేసుకుని మా ఇంటికి వచ్చింది. మా వీధిలోకి టీచరు రావడం అదే మొదలు. చుట్టుపక్కల ఇళ్లలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. నాయన కంగారుగా చాప పరిచాడు. ఆమె కూర్చుని, చుట్టూ తిప్పకుండా విషయం చెప్పింది.

"అంటే, మన రంగు పోతాదా అని అడిగినారా టీచరమ్మా?"

"అవునన్నా."

"పోతాదని మనం రాసినామా?"

"రాసినాం."

"నేను నిదానమని కూడానా?"

"అదీ రాసినాం."

మా అమ్మ నా వైపు చెయ్యి ఎత్తుతూ రాబోయింది. టీచరమ్మ గొడుగు అడ్డం పెట్టింది. "పాపను ఏమీ అనొద్దమ్మా. తప్పు నాది. మాటకు ఒక కాలే చూపించి పంపినాను. ఒంటికాలితో నడిస్తే యాడో ఒకచోట పడేదే."

 అన్ని రోజుల తర్వాత నాయన మొదటిసారి నవ్వాడు. "అయితే నేను చేసిందే సరి. తొందర పడాల్సిన పని లేదు" అన్నాడు. ఆయనకు ఆర్డరు పోయిన బాధ కంటే అది పెద్ద ఊరట అనుకుంటాను.

నేను ఇంకో జాబు రాస్తానన్నాను. టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఒకసారి పోతాదని రాసి, మళ్లా పోదని రాస్తే ఎవరు నమ్ముతారు? గుడ్డే పోయి చెప్పుకోవాల. ఈ శనివారం బడి లేదు. పోదాం."

శనివారం పొద్దున ప్యాసింజరులో ముగ్గురం మద్రాసుకు బయల్దేరాం. నాయన పాత పద్ధతిలో రంగు వేసిన లుంగీలు మూట కట్టుకున్నాడు. అమ్మ పులిహోర కట్టి ఇచ్చింది. బండి తిరుత్తణి దాటాక నేను, నాయన తింటుంటే టీచరమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఊపిరి గట్టిగా పీల్చింది. "వాసన చూస్తే ఒక్కపొద్దు చెడదులే" అంది. ప్రతి పెద్ద స్టేషనులోనూ కాఫీ మాత్రం తాగింది.

వ్యాపారి ఆఫీసు ఒక మేడ మీద ఉంది. పెద్ద బల్ల, తిరిగే ఫ్యాను, బట్టల మచ్చులు. కళ్లద్దాల పెద్దమనిషి. అరవం మాట్లాడేవాడు, తెలుగు అర్థమయ్యేది. ఊరి పేరు చెప్పగానే ఫైలు తీసి, నా జాబు బయటికి తీశాడు. "ఇన్నేళ్లలో తన రంగు మంచిది కాదని రాసిన మనిషి ఒక్కడే. అందుకే దాచుకున్నాను. ఎవరు రాసింది ఇది?" అన్నాడు. నేను టీచరమ్మ వెనక్కి పోయాను. ఆమె గొడుగు పిడితో నన్ను ముందుకు నెట్టి, జరిగింది ఇంగ్లీషులో చెప్పింది. తప్పు తనదేనని అక్కడా చెప్పింది. ఆయన నవ్వాడు. కానీ, "మాటలు సరే, గుడ్డ ఏది?" అన్నట్టు చెయ్యి చాచాడు.

టీచరమ్మ వేడినీళ్లు, సబ్బు అడిగింది. కింద టీ అంగడి నుంచి బకెట్టులో మరిగే నీళ్లు వచ్చాయి. ఆమె ఆయన జేబులోని తెల్ల రుమాలు కూడా అడిగి తీసుకుంది. లుంగీనీ రుమాలునూ కలిపి బకెట్టులో వేసి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, ఆఫీసు మధ్యలో గొంతుక్కూర్చుని ఉతికింది. గుమాస్తాలు పని మానేసి చుట్టూ చేరారు. రుమాలు పిండి విదిలించింది. తెల్లగానే ఉంది.

వ్యాపారి తల ఊపాడు గానీ లొంగలేదు. ఒక ఉతుకుకు ఏ రంగైనా నిలుస్తుంది, ఏడాది తర్వాత ఏమవుతుందో ఎవరు చెప్తారు అన్నాడు.  టీచరమ్మకు మాట దొరక్కపోవడం నేను చూసింది అదొక్కసారే. తడి చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక నిలబడింది.

అప్పటిదాకా తలుపు దగ్గరే ఉన్న నాయన ముందుకు వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద పరిచాడు.

"అయ్యా, ఇది నా పెండ్లికి నేను నేసుకునింది. ఈ పాప కంటే పెద్దది. దినామూ బండకేసి బాదేదే."

వ్యాపారి ఆ తువ్వాలు తీసుకుని కిటికీ దగ్గరికి పోయాడు. అంచు దగ్గర కుట్టిన మడతను గోటితో విప్పాడు. ఎండ తగలని లోపలి రంగును, పైరంగును పక్కపక్కన పెట్టి చూశాడు. కళ్లద్దాలు తీసి మళ్లీ చూశాడు.  రెండూ ఒకే ఎరుపు.

ఆయన వెనక్కి తిరిగి టీచరమ్మను, "ఫాస్ట్?" అని అడిగాడు. ఆమె నా వైపు చూసింది.

"ఎస్ సర్" అన్నాను.  "అవర్ కలర్స్ ఆర్ ఫాస్ట్."

"అండ్ యువర్ ఫాదర్ ఈజ్ స్లో" అన్నాడాయన. ఆఫీసంతా నవ్వింది. ఏమన్నాడో అర్థం కాకపోయినా నాయన కూడా నవ్వాడు. ఎనిమిది దినాలు పడతాదయ్యా అని నాయన మళ్లీ గుర్తుచేస్తే, "పది తీసుకో" అన్నాడు వ్యాపారి.

తిరుగు ప్రయాణంలో నేను ఎక్కడ కూర్చున్నానో అక్కడే నిద్రపోయాను. నగరి ముక్కు కొండ కనిపించాక టీచరమ్మ లేపింది. "ఇంత గాఢంగా నిద్రపోవడాన్ని కూడా ఫాస్ట్ అస్లీప్ అంటారు. సోమవారం ఇది నువ్వు తెచ్చినట్టే రాసుకుంటాను" అంది. స్టేషనులో దిగి, పొద్దు గూకిందని నిర్ధారించుకుని, రెండు అరటిపండ్లు కొనుక్కుని అక్కడే నిలబడి తినేసింది.

మేము గొప్పవాళ్లమేమీ కాలేదు. నాలుగు మగ్గాలూ ఆడాయి, అంతే. నాయన కూలికి పోలేదు. నన్ను కాలేజీలో చేర్చాడు. అవ్వ ఆ ఎర్రకోకను పారెయ్యనివ్వలేదు. రంగు పోయేదాకా కడతానంది. విచిత్రమేమంటే, లుంగీకి నిలవని ఆ రంగు కోకకు నిలిచిపోయింది. అవ్వ ఉన్నన్నాళ్లూ ఎవరైనా వింతగా చూస్తే, "నా కొడుకు ఏసిన రంగు, పోదు" అనేది.

మద్రాసు నుంచి వచ్చాక, ఆ సోమవారం టీచరమ్మ నన్ను క్లాసు ముందు నిలబెట్టి జరిగిందంతా ఇంగ్లీషులోనే చెప్పమంది. మొదట ఏడుపు వచ్చింది. తప్పులతోనే చెప్పాను. 'స్లో' దగ్గర అందరూ విరగబడి నవ్వారు. అంతమంది నవ్వాక ఆ తప్పుకు పదును పోయింది. ఇప్పుడు నా క్లాసులో ఎవరైనా తప్పు చేసి తల దించుకుంటే నేను ఈ కథ చెబుతాను. ఓదార్పు మాటలు నాకు అంత బాగా రావు.

నేను ఇంగ్లీషు టీచరును కాలేదు. తెలుగు చదివాను. ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి ఆమె దగ్గరికి పోయినప్పుడు, ఏదో ద్రోహం చేసినట్టు నసిగాను. ఆమె పకపకా నవ్వింది. "ఇంగ్లీషును చూసి నవ్వడం కాదు. మన 'పట్టు' సంగతి ఏంది? పట్టు చీర కట్టుకుంటావు. చెమట పడతాది. బస్సు పట్టుకుంటావు. బస్సులో ఇంక మనిషి పట్టడు. సీటు కోసం పట్టు పడతావు. దిగేటప్పటికి నడుం పట్టేస్తాది. పట్టు వేసుకుంటావు. దీన్ని ఆ మద్రాసు పెద్దమనిషికి ఎట్ల చెప్తావో చెప్పు చూద్దాం!" మేమిద్దరం ఆ సాయంత్రమంతా ఇంకా ఎన్ని ఉన్నాయో వెతుక్కుంటూ కూర్చున్నాం. అక్కను చూడవచ్చిన చెల్లెలు, "ఇంక పట్టు వదిలి భోజనానికి లేవండి" అంటే అదీ రాసుకున్నాం.

రిటైరయ్యాక తిరుపతిలో చెల్లెలి ఇంట్లోనే ఉంది. నేను సెలవుల్లో పోయేదాన్ని. పోయిన ఎండాకాలం పోయినప్పుడు, "పొద్దున్నే లెయ్. పనుండాది" అంది. ఏం పనో చెప్పలేదు. తెల్లవారుతుండగానే నన్ను దగ్గర్లోని బడి మైదానానికి తీసుకుపోయింది. పక్కింటివాళ్ల అమ్మాయి అప్పటికే తన సైకిలు తోసుకుంటూ వచ్చింది. టీచరమ్మ వారం నుంచి తొక్కడం నేర్చుకుంటోందట.

"అరవై దాటినాక ఎందుకు టీచరమ్మా ఇది?"

"అంతకుముందు తీరిక ల్యాదు."

నన్ను వెనక సీటు పట్టుకోమంది. చీర కాళ్లకు అడ్డం రాకుండా బిగించుకుని ఎక్కింది. నేను పట్టుకుని పరుగెత్తాను. నాలుగు బారలు పోయాక నా చెయ్యి జారిపోయింది. ఆమె పడలేదు. సైకిలు అటూ ఇటూ ఊగి, సర్దుకుని, మైదానం అంచు వెంబడి సాగిపోయింది. నేను రొప్పుతూ మధ్యలో నిలబడ్డాను.

చుట్టు తిరిగి నా ముందుకు వచ్చినప్పుడు, "అమ్మాయ్, దిగేది ఎట్ల?" అని అరిచింది. నాకు సైకిలు రాదు. ఏం చెప్పను? రెండో చుట్టులో మళ్లీ అడిగింది. "ఆ పాప యాడ పోయింది, అడుగు!" పక్కింటి అమ్మాయి గేటు దగ్గర ఎవరితోనో మాట్లాడుతోంది. నేను చేతులూపి పిలిచాను, వినిపించుకోలేదు.

మూడో చుట్టులో ఆమె అడగడం మానేసింది. వెనకాల కొండ మీద ఎండ పడుతోంది. జుట్టు ముడి ఊడి, తెల్లటి జుట్టు వీపు మీద ఎగురుతోంది. రెండు చేతులా హ్యాండిలు పట్టుకుని, గట్టిగా నవ్వుతూ, నా ముందు నుంచి పోయి మళ్లీ మలుపు తిరిగింది.